పొద్దుగాల చూద్దాం

మొన్న మధ్యాహ్నం బజారులో కొత్తిమీర కట్ట ఒకటి తీసుకుని, చేతి వెనుక వైపు ఆకులకు ఆనించి చూస్తున్నాను. కూరగాయలమ్మే ఆమె నవ్వి, "తాప్ ఆలా కా, తాయి?" అంది. జ్వరం వచ్చిందా అని అడగడం. నేనూ నవ్వి డబ్బులిచ్చి వచ్చేశాను గానీ, ఇల్లు చేరేదాకా మనసు మనసులో లేదు. అట్లా చూడడం నా అలవాటు కాదు, మా వదినది. పసిపిల్లల నుదురు చూసినట్టు చెయ్యి తిప్పి ఆకు మీద పెట్టేది. నీళ్ళు తాగుతున్న ఆకు చల్లగా ఉంటుందని, దాహం వేసి రంధ్రాలన్నీ మూసుకున్న ఆకు వేడెక్కుతుందని చెప్పేది. మనిషి పోయి చలికాలం దాటింది. ఆ అలవాటు మాత్రం నాకు అంటుకుని ఉండిపోయింది.

వదిన అంటే మా అన్న భార్య. మహారాష్ట్రలో, మేముండే చంద్రపూర్‌లోనే ఒక కాలేజీలో బాటనీ చెప్పేది. పుట్టిల్లు రాజురా దగ్గర పల్లె. తాతల నాటి నుంచి అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్ళు. మేమేమో బొగ్గు కోసం తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళం. బాపు బల్లార్‌పూర్ వైపు గనిలో పనిచేశాడు. బడిలో మాకు మరాఠీ, ఇంట్లో బాపు పాత పేపర్లు ముందేసుకుని నేర్పిన తెలుగు. మా ఇంట్లో మొక్క అంటే తులసి ఒక్కటే, అది కూడా బొగ్గు దుమ్ముకి సగం ఏడాది నల్లగా ఉండేది. అట్లాంటి కొంపలోకి వదిన వచ్చి, కాపురం కుదురుకునే లోపలే డాబా నిండా కుండీలు పెట్టేసింది. పూల మొక్కలా అంటే అవీ కావు. జొన్న. "డాబా మీద జొన్న ఏసుకునే కోడలు మా ఇంటికే దొరికింది," అని నేను ఆటపట్టిస్తే, "కంకులైతే నీకే ఇస్త తియ్యి," అనేది నవ్వకుండా.

నవ్వడం ఆమెకు తక్కువ. మెచ్చుకోవడం ఇంకా తక్కువ. పండక్కి కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే, "అంచు కొంచెం కిందికి పోయింది," అనే రకం. అబద్ధం మాత్రం చచ్చినా ఆడదు. ఇంటికొచ్చినవాళ్ళు మాట వరసకు "వంట బాగుందా?" అని అడిగినా ఒక్క క్షణం ఆలోచించి చెప్పేది. ఆ ఒక్క క్షణంలో మా అన్నకు చెమటలు పట్టేవి.

ఆమెకు ఒక మాట ఉండేది. పొద్దుగాల చూద్దాం. చంద్రపూర్ ఎండలు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం ఏ మొక్కను చూసినా ఇక దాని పని అయిపోయిందనిపిస్తుంది. ఆకులు వేలాడతాయి, జొన్న ఆకులైతే గొట్టాల్లాగా చుట్టుకుపోతాయి. ఎవరైనా అయ్యో పాపం అని చెంబు పట్టుకొస్తే వదిన ఆపేది. మధ్యాహ్నం వాడిపోవడం దాహం కాదు, ఎండను తప్పించుకునే ఉపాయం. నిజంగా దాహం ఉందో లేదో తెల్లవారుజామున, ఎండ తగలకముందు చూడాలి. అప్పటికీ ఆకు తేరుకోకపోతే అది దాహం.

ఈ మాటను మనుషుల మీద కూడా వాడేది. ఒకసారి మా ఆయనతో గొడవపడి, ఇక ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని, ఎండలో బ్యాగు మోసుకుని అన్న ఇంటికి వచ్చాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదని ఊరందరికీ తెలుసు. ఆ రోజు మా అత్తింటి ఏడు తరాలనూ దులిపి ఆరేశాను. వదిన మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి, "ఎండల వచ్చినవ్ పిల్లా. మొఖం కడుక్కొని పండు. పొద్దుగాల చూద్దాం," అంది. పొద్దున లేచేసరికి కోపం ఉంది గానీ బ్యాగు మోసేంత లేదు. నా అంతట నేనే ఆటో ఎక్కి ఇంటికి పోయాను. వదిన టిఫిన్ డబ్బాలో ఉప్మా కట్టి ఇచ్చింది.

ఆమెకు ఈ చదువు పిచ్చి పుట్టింది మిరప నారు దగ్గర. వాళ్ళ నాన్న మిరప నారు పీకి నాటేముందు మడికి నీళ్ళు ఆపేసేవాడట. పిల్ల కదా, నారు వాడిపోతుంటే ఏడ్చి అడిగిందట ఎందుకు చంపుతున్నావని. "రేపు చేన్ల మనం గొడుగు పట్టుకొని నిలవడతమా బిడ్డా? ఇప్పటి సంది అలవాటు గానీ," అన్నాడట ఆయన. ఆ ఏడుపు అక్కడితో ఆగింది గానీ ప్రశ్న ఆగలేదు. నీళ్ళు ఆపేసిన ఆ కొన్నాళ్ళలో మొక్క లోపల ఏం జరుగుతుంది? మెదడు లేదు, నరాలు లేవు, లేచి నీడకు పోలేదు. మరి దేనితో అలవాటు పడుతుంది? పెళ్ళయి, పిల్లాడు పెద్దవాడై హాస్టల్‌కి వెళ్ళాక, నడి వయసులో, అదే ప్రశ్న పట్టుకుని పీహెచ్‌డీకి పేరు రాయించుకుంది.

కాలేజీ తోటలో మేకలు పడతాయని ప్రయోగమంతా ఇంటి డాబా మీదే. సగం కుండీలకు రోజూ నీళ్ళు. సగం కుండీలకు బంద్. మధ్య మధ్యలో ఆకు ముక్కలు కత్తిరించి, ఏదో మందులో వేసి, ఐసు డబ్బాలో పెట్టుకుని రైల్లో నాగ్‌పూర్ ల్యాబుకు తీసుకుపోయేది. దాహం పెరిగేకొద్దీ ఆకులో ఏ జీన్లు పని మొదలుపెట్టాయి, ఏవి ఆగిపోయాయి అని అక్కడ చూసేవాళ్ళు. ముందరి రెండేళ్ళూ ఏదో ఒకటి అడ్డం వచ్చింది. ఒక ఏడు అకాల వాన, ఇంకో ఏడు పురుగు. యూనివర్సిటీ ఇచ్చిన గడువు మూడో ఏటి ఎండాకాలంతో ఆఖరు. ఈసారి ఆఖరి ఆకు కోత దాకా వస్తే డాక్టర్ అవుతుంది, లేకపోతే ఇన్నేళ్ళ పనీ నీళ్ళపాలు. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు. అమ్మకు కూడా తెలుసు.

ఇక అమ్మ సంగతి చెప్పాలి. బాపుకు కడుపు ఆపరేషన్ అయిన రోజు డాక్టర్లు తెల్లారేదాకా చుక్క నీళ్ళు ఇవ్వొద్దన్నారు. బాపు అడుగుతూనే ఉన్నాడు. అమ్మ ఇవ్వలేదు. తెల్లారకముందే ఆయన పోయాడు. నీళ్ళకూ ఆయన పోవడానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు, అన్న చెప్పాడు, నేను వెయ్యిసార్లు చెప్పాను. అమ్మ తల ఊపేది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయేది. అప్పటినుంచి ఆమె ఎవరి దాహాన్నీ చూసి ఓర్చుకోలేదు. గేటు ముందు నిలబడ్డ ఆవుకు నీళ్ళు, కొరియర్ అబ్బాయికి నీళ్ళు, గోడ మీద పిచ్చుకలకు మూకుడులో నీళ్ళు. ఇక్కడ అక్షయ తృతీయ అంటే బంగారం కాదు, పోయినవాళ్ళ పేరు మీద కొత్త కుండ నిండా నీళ్ళు పెట్టి ఎవరికైనా దానం ఇవ్వడం. మరాఠీ ఇరుగుపొరుగుల దగ్గర చూసి అమ్మ ఆ ఆచారం పట్టుకుంది. ఆ రోజు ఇంట్లో ఏ ప్రాణీ దాహంతో ఉండకూడదని తనకు తనే ఇంకో నియమం పెట్టుకుంది.

ఆ ఏడు అక్షయ తృతీయ వదిన ప్రయోగం చివర్లో పడింది. వదిన పరీక్షల డ్యూటీకి పొద్దున్నే వెళ్ళింది. మర్నాడు ఆఖరి కోత. అమ్మ అన్ని రోజులూ డాబా ఎక్కి, ఆ ఎండుతున్న కుండీల చుట్టూ తిరిగి, చేతులు కట్టుకుని దిగివచ్చేదట. ఆ రోజు దిగలేదు. బకెట్టు మోసుకెళ్ళి, బంద్ పెట్టిన కుండీలన్నిటికీ కడుపు నిండా నీళ్ళు పోసింది.

వదిన మధ్యాహ్నం వచ్చి డాబా ఎక్కి చూసింది. నాకు ఫోన్ చేసి, "ఒకసారి రా," అని మాత్రం అంది. నేను పరుగున వెళ్ళేసరికి కుండీల కింద ఇంకా తడి. చుట్టుకున్న ఆకులు సగం విప్పుకుని ఉన్నాయి. అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. నేనైతే నోరు చేసుకునేదాన్నే, నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వదిన చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నీళ్ళడుగుతున్నయ్ బిడ్డా," అంది అమ్మ. "ఇయ్యాలటి రోజు గూడ ఇయ్యకుంట ఎట్లుండాలె."

వదిన వంగి ఒక కుండీలో మట్టిని వేలితో నొక్కి చూసింది. అమ్మే మళ్ళీ అడిగింది. "నీ పని చెడగొట్టిన్నా?"

ఇంకెవరైనా అయితే లేదు లేదు అనేవాళ్ళు. నేను కూడా అనేదాన్ని. వదిన ఒక్క క్షణం ఆగి, "చెడింది అత్తమ్మా," అంది. "ఇగ దిగు, అన్నం తిందాం. ఎండ కొడుతుంది."

గైడుకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన మంచివాడే, ఆఖరి కోత ఫలితాలను ముందరి వాటిని బట్టి అంచనా వేసి నింపేద్దాం, ఎవరికి తెలుస్తుంది అన్నాడట. "నాకు తెలుస్తది గద సర్," అని ఫోన్ పెట్టేసింది. గడువు అయిపోయింది. ఆమె పేరు ముందు డాక్టర్ అనే మాట రాలేదు.

అట్లా అని ఆమెను దేవతను చెయ్యను, వింటే ఆమెకే నచ్చదు. ఆ తర్వాత చాలా రోజులు వంటింట్లో గిన్నెల చప్పుడు వీధి చివరిదాకా వినపడింది. అమ్మ బిక్కు బిక్కుమంటూ, "కోపమొచ్చిందా బిడ్డా?" అని అడిగితే, "వచ్చింది అత్తమ్మా. తగ్గుతది. తగ్గినంక చెప్త," అంది. అమ్మ ఆ మాట పట్టుకుని ఎదురుచూసింది. వానలు పడ్డాక ఒక సాయంత్రం ఉల్లిగడ్డలు తరుగుతూ, ఎవరూ అడగకుండానే, "తగ్గింది అత్తమ్మా," అంది వదిన. నేను అక్కడే ఉన్నాను. అమ్మ చాట పక్కన పెట్టి, ఉల్లిపొట్టు ఏరుతూ కూర్చుంది. ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళే, ఉల్లిగడ్డల మీదికి నెట్టేశారు.

డాబాకు తాళం వేసుకో అని అన్న అంటే, "ఇల్లు ఆమెది, తాళం నేనేసుడేంది," అని కొట్టిపారేసింది. మరుసటి ఎండాకాలం ల్యాబు లేదు, గైడు లేడు, డిగ్రీ లేదు, అయినా మళ్ళీ జొన్న వేసింది. ఈసారి తెల్లవారుజామున అమ్మను కూడా డాబా మీదికి పిలుచుకుపోయేది. ముసలామెను మెట్లెక్కించడం ఎందుకని నేను కసురుకుంటే ఇద్దరూ నా మాట లెక్కచెయ్యలేదు. ఆకు మీద చెయ్యి ఎట్లా తిప్పి పెట్టాలో, తేరుకున్న ఆకు ఎట్లా ఉంటుందో, తేరుకోనిది ఎట్లా ఉంటుందో చూపించేది. ఎండగట్టడం, నీళ్ళివ్వడం, మళ్ళీ ఎండగట్టడం. నీళ్ళు ఎప్పుడివ్వాలో వదిన చెబితే అమ్మే పోసేది.

ఒక సాయంత్రం నేనూ పైన ఉన్నాను. అప్పటికి రెండోసారి ఎండగట్టిన జొన్న ఒకవైపు, మొదటిసారి ఎండుతున్న జొన్న ఒకవైపు. రెండోసారివి ముందే ఆకులు చుట్టుకుని గట్టిగా నిలబడ్డాయి, మొదటిసారివి వాలిపోయాయి.

"ఇవి పోయిన పారి సంగతి మర్సిపోలే," అంది అమ్మ.

"మర్సిపోలే," అంది వదిన. "నేను కనిపెట్టింది కాదు అత్తమ్మా, పెద్ద పెద్దోళ్ళు ఎప్పుడో చెప్పిండ్రు. మన డాబా మీద మనం చూసినం, గంతే."

"దేంట్ల పెట్టుకుంటయ్ యాదికి? తలకాయ లేకపాయె."

వదిన క్లాసులో ఎట్లా చెప్పేదో నాకు తెలియదు గానీ ఆ రోజు చెప్పింది మాత్రం ఇప్పటికీ గుర్తుంది. "మనింట్ల సామానంత ఉంటది గద అత్తమ్మా. రోజు అన్ని తియ్యం. పెద్ద పెద్ద వంట గంజులు అటక మీదనే ఉంటయ్. పెండ్లో చావో అయితేనే కిందికి దిగుతయ్. జీన్లు గూడ గట్లనే. ప్రతి ఆకుల అన్ని ఉంటయ్, అన్ని పని చెయ్యయ్. నీళ్ళు తక్కువైనయని ముందుగాల వేరుకు తెలుస్తది, అది ఆకుకు కబురు పంపుతది. అప్పుడు ఎదుగుదలకు సంబంధించిన సామాను పక్కకు పెట్టి, కష్టకాలం గంజులు దించుకుంటది. పని ఒడిసినంక మనం గంజులు ఎంటనే అటకెక్కిస్తమా?"

"ఏడ ఎక్కిస్తం, కొన్నొద్దులు గోడ పొంటనే పెడ్తం," అంది అమ్మ.

"ఇది గూడ గోడ పొంటనే పెట్టుకుంది. అందుకే ఈసారి జల్ది దొరికినయ్."

అమ్మ వాలిపోయిన జొన్నల వైపు, నిలబడ్డ జొన్నల వైపు మార్చి మార్చి చూసింది. చివరికి అడగాల్సింది అడిగింది. "మీ మామకు గూడ... లోపట గట్ల ఏమన్న అయి ఉంటదా? ఊకె ఎండిపోకుంట?"

అవును అని ఒక్క మాట అనెయ్యి వదినా, నీ సొమ్మేం పోతుంది అని లోపల మొత్తుకున్నాను. వదిన ఆ ఒక్క క్షణం తీసుకుంది. "మనిషి చెట్టు కాదు అత్తమ్మా," అంది. "చెట్టును చూసి మామ సంగతి చెప్పలేను. అబద్ధమైతది."

అమ్మ తల దించుకుంది. కొంగు నోటి దగ్గరికి పోతోంది.

"ఒకటి చెప్పు," అంది వదిన. "నీళ్ళడిగినప్పుడు మామ ఎటు దిక్కు చూసిండు? గిలాస దిక్కా?"

అమ్మ గుర్తు చేసుకుంది. "కాదు. నా దిక్కు."

"ప్రతిసారి?"

"ప్రతిసారి నా దిక్కే."

"నువ్వు ఏడన్న పోయినవా?"

"ఏడికి పోత. చెయ్యి పట్టుకొనే కూసున్న."

"మరి అడిగింది దొరకలే అంటవేంది," అంది వదిన. అని లేచి, ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వెళ్ళింది. అమ్మ కొంగు వదిలేసి ఆమె వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయింది. మేమెవ్వరం ఇన్నేళ్ళలో అడగని ప్రశ్న అది. నీ తప్పు లేదు, నీ తప్పు లేదు అని చెప్పడమే తప్ప, ఆ గదిలో ఏం జరిగిందని అమ్మను ఒక్కరమూ అడగలేదు.

పోయిన చలికాలంలో వదిన కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. గుండె. మధ్యాహ్నం పూట. నేను ఆస్పత్రి వరండాలో నిలబడి, పొద్దుగాల చూద్దాం, పొద్దుగాల చూద్దాం అని పిచ్చిదానిలా అనుకుంటూనే ఉన్నాను. సాయంత్రానికి ఆ అవసరం కూడా లేకుండా పోయింది. ఇప్పటికీ నాకు ఆమె మీద కోపమే. అంత తొందరేమొచ్చిందని.

కుండీలన్నీ ఖాళీ అయ్యాయి. ఎండలు మొదలయ్యాక అమ్మ వదిన దాచిన గింజలు తీసి, ఒక్క కుండీలో జొన్న వేసుకుంది.

ఈ ఏడు అక్షయ తృతీయకు అమ్మ రెండు కొత్త కుండలు తెప్పించింది. ఒకటి బాపు పేరు మీద, ఒకటి వదిన పేరు మీద. రెండూ నింపి, దానం ఇచ్చి, అన్నాలు తిన్నాక నేను బట్టలు తియ్యడానికి డాబా ఎక్కాను. ఆ ఒక్క కుండీ కనబడింది. మట్టి బీటలు వేసింది. జొన్న ఆకులు గొట్టాలు చుట్టుకుని, ముట్టుకుంటే కాలుతున్నాయి. ఆమె గింజలు అవి. మగ్గు ముంచి నీళ్ళు తీశాను.

"ఆగు," అంది అమ్మ. గోడ పట్టుకుని మెట్లెక్కి వస్తోంది.

"ఇయ్యాల అక్షయ తృతీయ అమ్మా. ఇయ్యాల ఏదీ దాహంతోటి ఉండొద్దని నువ్వే గద ఇల్లు పీకి పందిరేసినవ్."

"ఏసిన. అప్పుడు నాకు చూసుడు రాకపోతుండె," అంది. నా చేతిలోంచి మగ్గు తీసి బకెట్టులో పెట్టింది. "పొద్దుగాల చూద్దాం."

నేను ఆ రోజు అక్కడే ఉండిపోయాను. తెల్లవారుజామున ఇద్దరం పైకి వెళ్ళాం. జొన్న ఆకులు విప్పుకుని ఉన్నాయి, రెండు మాత్రం కొసల్లో ఇంకా ముడుచుకునే ఉన్నాయి. అమ్మ వంగి చెయ్యి తిప్పి, ఒక్కో ఆకు మీద ఆనించింది, అచ్చం వదిన లాగే. చాలాసేపు చూసింది. నేను చెంబుతో నీళ్ళు అందించాను.

"మీ బాపు గూడ పొద్దుగాల దాక ఆగుతడనే అనుకున్న," అంది ఆకుల మీదనుంచి చూపు తియ్యకుండా. "తెల్లారంగనే ఇద్దామని గిలాస కడిగి పెట్టుకున్న."

ఆ గ్లాసు సంగతి అమ్మ ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, లేచి వెళ్ళిపోలేదు. చెంబు వంచి జొన్న మొదళ్ళ దగ్గర మెల్లగా, మట్టి తాగేంత మెల్లగా నీళ్ళు పోసింది.